చేతిలో పట్టే జీపీఎస్: పని చేయాలంటే ఎవరెవరు సహకరించాలి?

డెన్వర్ నుంచి ఒక వ్యూయర్ మెయిల్ పెట్టారు. అక్కడ ఐటీ ఉద్యోగం, వీకెండ్ వస్తే కొండలెక్కుతారు. ఈసారి ఆఫీసు ఫ్రెండ్స్‌తో కలిసి మొదటిసారి ఎల్క్ వేటకి వెళ్తున్నారట. ఎల్క్ అంటే మన కణితి కన్నా పెద్దగా ఉండే జింక జాతి. ఆయన అడిగింది ఒక్కటే: "బ్రో, 150 డాలర్ల హ్యాండ్‌హెల్డ్ జీపీఎస్ కొనాలా, 600 డాలర్లది కొనాలా, అసలు ఫోన్ ఉంటే చాలదా?"

ముందే ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. కాబట్టి ఈ ఎపిసోడ్‌లో వేట గురించి చెప్పేదంతా అమెరికా సంగతి. ట్రెక్కింగ్ గురించి చెప్పేది మాత్రం నల్లమల అంచుల్లో నడిచేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

ఇది రివ్యూ ఛానెల్ కాదు, హిస్టరీ ఛానెల్. మోడల్ నంబర్లు ఏడాదికోసారి మారిపోతాయి. కానీ ఆ డబ్బా మీద రాసి ఉండే ఒక్కో ఫీచర్ వెనుక ఒక కథ ఉంది. ఎప్పుడో, ఎక్కడో, ఎవరికో ఒక ఇబ్బంది వచ్చింది, దానికి జవాబుగా ఆ ఫీచర్ పుట్టింది. ఆ కథ తెలిస్తే ఏది కొనాలో మీకే తెలిసిపోతుంది.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి వచ్చినవాణ్ణి. అక్కడ మనం రాసే కోడ్ వేరే వాళ్ళు రాసిన కోడ్ మీద ఆధారపడితే దాన్ని డిపెండెన్సీ అంటాం. మన ప్రోగ్రామ్ ఎంత శుభ్రంగా ఉన్నా, ఆ అవతలివాళ్ళు ఏదైనా మార్చేస్తే మనది ఆగిపోతుంది. జీపీఎస్ యూనిట్‌ని కూడా అలాగే చూడమంటాను. అది పని చేయాలంటే నాలుగు సహకరించాలి: పైన శాటిలైట్, లోపల మ్యాప్, కింద బ్యాటరీ, అవతల మన కేక వినే మనిషి. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది శాటిలైట్. 1957 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ని పంపింది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ అప్లైడ్ ఫిజిక్స్ ల్యాబ్‌లో విలియం గయర్, జార్జ్ వైఫెన్‌బాక్ అనే ఇద్దరు దాని బీప్ బీప్ విన్నారు. రైలు మన దగ్గరికి వచ్చేటప్పుడు హారన్ ఒకలా, దాటిపోయాక ఒకలా వినిపిస్తుంది కదా, డాప్లర్ ఎఫెక్ట్. ఆ తేడాని కొలిచి శాటిలైట్ ఏ దారిలో తిరుగుతోందో లెక్క కట్టారు. 1958లో వాళ్ళ పైఅధికారి ఫ్రాంక్ మెక్‌క్లూర్ దీన్ని తిరగేశారు: నేల మీద మనం ఎక్కడున్నామో తెలిస్తే శాటిలైట్ ఎక్కడుందో తెలుస్తోంది, మరి శాటిలైట్ ఎక్కడుందో తెలిస్తే మనం ఎక్కడున్నామో తెలియదా? అలా ట్రాన్సిట్ అనే వ్యవస్థ పుట్టింది. అణు క్షిపణులు మోసే జలాంతర్గాములకి తమ చోటు తెలియాలి, అసలు అవసరం అది. కానీ శాటిలైట్ నెత్తి మీదుగా వెళ్ళేదాకా ఆగాలి. ఓడకైతే ఓకే, విమానానికీ నడిచే మనిషికీ పనికిరాదు.

1973లో పెంటగాన్‌లో కల్నల్ బ్రాడ్‌ఫోర్డ్ పార్కిన్సన్ నాయకత్వంలో నేవీ, ఎయిర్‌ఫోర్స్ వేరువేరుగా చేస్తున్న ఆలోచనలన్నీ ఒక్కటయ్యాయి. దాని పేరే జీపీఎస్. మొదటి శాటిలైట్ 1978 ఫిబ్రవరిలో ఎగిరింది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో శాటిలైట్లు, ప్రతిదాంట్లో అటామిక్ గడియారం. మీ చేతిలోని యూనిట్ వాటికి ఏమీ పంపదు, వింటుంది అంతే. "నేను ఫలానా చోట ఉన్నాను, టైమ్ ఇంత" అని ఒక్కో శాటిలైట్ చెబుతూ ఉంటుంది. ఆ మాట చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం వస్తుంది. మన చోటుకి మూడు లెక్కలు, యూనిట్‌లో ఉన్న చవక గడియారం తప్పుని సరిచేయడానికి ఇంకొకటి, అందుకే కనీసం నాలుగు శాటిలైట్లు కనబడాలి. గడియారంలో సెకనులో పది లక్షల వంతు తేడా వస్తే నేల మీద 300 మీటర్ల తేడా.

ఇక 1983 సెప్టెంబర్ 1. న్యూయార్క్ నుంచి ఎంకరేజ్ మీదుగా సోల్‌కి వెళ్తున్న కొరియన్ ఎయిర్‌లైన్స్ 007 విమానం దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్ళింది. సోవియట్ యుద్ధవిమానం దాన్ని కూల్చేసింది. 269 మంది చనిపోయారు. రెండు వారాల తర్వాత, సెప్టెంబర్ 16న, జీపీఎస్ పూర్తయ్యాక ప్రపంచంలో సామాన్య జనానికి కూడా అందుబాటులో ఉంచుతామని రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. "ఈ ఘటన వల్లే జీపీఎస్ జనానికి ఇచ్చారు" అని చాలా వీడియోల్లో చెబుతారు. అది సగం నిజం. పౌరులు వాడుకోగలిగే సిగ్నల్ ముందు నుంచీ డిజైన్‌లో ఉంది. రీగన్ ఇచ్చింది ఒక మాట, ఒక హామీ. ఆ హామీకి షరతులు ఉన్నాయని తర్వాత తెలిసింది.

1989లో మాగెల్లన్ కంపెనీ నావ్ 1000 తెచ్చింది. జనం కొనుక్కోగలిగిన మొదటి హ్యాండ్‌హెల్డ్ ఇదే. ధర దాదాపు 3,000 డాలర్లు. ఇటుకలా ఉండేది. మ్యాప్ లేదు, స్క్రీన్ మీద అక్షాంశం, రేఖాంశం అంకెలు కనిపిస్తాయి అంతే. అదే ఏడాది కాన్సాస్ రాష్ట్రంలో గ్యారీ బరెల్, మిన్ కావ్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఇంకో కంపెనీ పెట్టారు. గ్యారీలో గార్, మిన్ కలిపితే గార్మిన్.

ఇప్పుడు షరతు సంగతి. 1990 మార్చిలో అమెరికా సైన్యం సెలెక్టివ్ అవైలబిలిటీ అనే దాన్ని ఆన్ చేసింది. అంటే పౌరుల సిగ్నల్‌లో కావాలనే తప్పు కలపడం. మీరు నిలబడ్డ చోటుకి, స్క్రీన్ మీద చూపే చోటుకి 100 మీటర్ల వరకూ తేడా రావచ్చు. కొన్ని నెలలకే గల్ఫ్ యుద్ధం మొదలైంది. ఎడారిలో గుర్తులేవీ ఉండవు. సైనికులకి జీపీఎస్ కావాలి, కానీ మిలిటరీ రిసీవర్లు సరిపడా లేవు. ప్రభుత్వం మార్కెట్‌లో దొరికే పౌరుల రిసీవర్లే వేల సంఖ్యలో కొంది. అంటే తను కలిపిన తప్పు తన సైనికులకే తగులుతోంది! దాంతో యుద్ధం కోసం ఆ తప్పు కలపడం ఆపేశారు. యుద్ధం అయ్యాక, 1991లో, మళ్ళీ ఆన్ చేశారు. ఆ స్విచ్ మన చేతిలో లేదు అన్నమాట.

ఆ తర్వాత దాదాపు తొమ్మిదేళ్ళు వేటగాళ్ళు, ట్రెక్కర్లు ఆ తేడాతోనే సర్దుకున్నారు. వంద మీటర్లంటే అడవిలో తక్కువ కాదు. టెంట్ వాగుకి ఇవతల ఉందా, అవతల ఉందా అన్నంత తేడా. 2000 మే 2న క్లింటన్ ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ప్రపంచంలో ఉన్న ప్రతి రిసీవర్, ఎవరూ పైసా ఖర్చు పెట్టకుండా, ఒక్క రాత్రిలో సుమారు పది రెట్లు మెరుగైంది. మర్నాడే ఒరెగాన్ రాష్ట్రంలో ఒకాయన అడవిలో ఒక బకెట్‌లో కొన్ని వస్తువులు దాచి, అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టి, వెతుక్కోండి అన్నాడు. జియోక్యాషింగ్ ఆట అలా పుట్టింది. అంతకు ముందు వారం అయితే ఆ ఆట సాధ్యమయ్యేది కాదు.

ఒకరి స్విచ్ మీద ఆధారపడటం ఇష్టం లేని దేశాలు సొంత వ్యవస్థలు పెట్టుకున్నాయి. రష్యాకి గ్లోనాస్, యూరప్‌కి గెలీలియో, చైనాకి బైదూ. మనకి నావిక్. దాని మొదటి శాటిలైట్ 2013 జూలై 1న మన శ్రీహరికోట నుంచే ఎగిరింది, 2016 ఏప్రిల్‌లో ఏడోది వెళ్ళింది. ఆ మొదటి శాటిలైట్‌లో విదేశం నుంచి తెచ్చిన మూడు అటామిక్ గడియారాలూ ఫెయిల్ అయ్యాయి. 2023 మేలో వెళ్ళిన ఎన్‌వీఎస్-01లో ఇస్రో సొంతంగా చేసిన రుబీడియం గడియారం పెట్టింది. శాటిలైట్ మనదే అయినా గడియారం మనది కాకపోతే ఇంకో డిపెండెన్సీ ఉన్నట్టే. అందుకని స్పెక్ షీట్‌లో జీపీఎస్ ఒక్కటే కాకుండా గ్లోనాస్, గెలీలియో లాంటివి కూడా రాసి ఉంటే అది ఊరికే గొప్ప కోసం కాదు. లోయలో ఆకాశం సన్నని ముక్కలా కనబడుతున్నప్పుడు ఎక్కువ శాటిలైట్లు వినగలగడం నిజంగా పనికొస్తుంది. మల్టీబ్యాండ్ అంటే ఒకే శాటిలైట్‌ని రెండు ఫ్రీక్వెన్సీల మీద వినడం. కొండరాళ్ళకి తగిలి వచ్చే ప్రతిధ్వనుల్ని కొంత వడకట్టగలదు.

రెండోది మ్యాప్. దీనికి మన ఊళ్ళ దగ్గరే కథ ఉంది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసులో గొలుసుతో నేల కొలవడం మొదలుపెట్టాడు. అదే గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే. ఆయన దగ్గర పనిచేయడానికి జార్జ్ ఎవరెస్ట్ హైదరాబాద్ వచ్చాడు. 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ జ్వరంతో మంచాన పడ్డాడు, కోలుకోవడానికి ఆఫ్రికా దక్షిణ కొనకి ఓడ ఎక్కాడు. తిరిగొచ్చి, ఆ కొలతల నుంచి భూమి ఆకారానికి 1830లో ఒక లెక్క తేల్చాడు. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు ఆ ఎవరెస్ట్ లెక్క మీదే గీసినవి. జీపీఎస్ వాడేది వేరే లెక్క, డబ్ల్యూజీఎస్ 84. రెండిట్లోనూ ఒకే అక్షాంశ రేఖాంశాలు వేస్తే నేల మీద రెండు వేరే చోట్లు వస్తాయి. మన వైపు తేడా వంద మీటర్లకి పైనే. 2005 మ్యాప్ పాలసీ తర్వాత జనానికి వచ్చిన ఓపెన్ సిరీస్ మ్యాపులు డబ్ల్యూజీఎస్ 84లో ఉన్నాయి, వాటితో ఈ గొడవ లేదు.

అమెరికాలోనూ ఇదే ఇబ్బంది. పాత యూఎస్‌జీఎస్ టోపో మ్యాపులు 1927 నాటి లెక్క మీద ఉన్నాయి. యూనిట్ సెట్టింగ్స్‌లో మ్యాప్ డేటమ్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, చాలామంది దాన్ని తెరవరు. కాగితం మ్యాప్ మూల కింద డేటమ్ పేరు రాసి ఉంటుంది. ఆ రెండూ ఒకటేనా అని చూసుకోండి. దీనికి 600 డాలర్లు అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు.

వేటకి వెళ్ళేవాళ్ళకి మ్యాప్‌లో ఇంకో గండం ఉంది: ఎవరి భూమి ఎక్కడ మొదలవుతుంది అనేది. 1862లో పసిఫిక్ రైల్‌రోడ్ చట్టం తెచ్చినప్పుడు అమెరికా ప్రభుత్వం రైలు దారికి రెండు వైపులా నేలని మైలు చదరాలుగా విడగొట్టి, ఒకటి కంపెనీకి, పక్కది తనకి అని చదరంగం బల్లలా పంచింది. ఇప్పటికీ పశ్చిమ రాష్ట్రాల్లో చాలాచోట్ల అలాగే ఉంది. ప్రభుత్వ చదరంలో ఎవరైనా వేటాడచ్చు. కానీ చుట్టూ నాలుగు పక్కలా ప్రైవేట్ భూమి ఉంటే లోపలికి ఎలా వెళ్తారు? ఒక ప్రభుత్వ చదరం మూల నుంచి ఇంకో ప్రభుత్వ చదరం మూలలోకి ఐమూలగా అడుగు వేయాలి.

2009లో మోంటానాలో ఆన్‌ఎక్స్ అనే కంపెనీ మొదలైంది. ఏ భూమి ఎవరిదో చూపించే మ్యాపుల్ని చిప్‌లో పెట్టి అమ్మింది. గార్మిన్ యూనిట్‌లో ఆ చిప్ వేసుకుంటే సరిహద్దులు కనబడతాయి. తర్వాత అది ఫోన్ యాప్ అయింది. 2021లో మిస్సోరీ నుంచి నలుగురు వేటగాళ్ళు వ్యోమింగ్‌లోని ఎల్క్ మౌంటెన్ దగ్గర ఇలా మూల దాటారు. ప్రైవేట్ నేల మీద కాలు పడకుండా నిచ్చెన వేసుకుని మరీ దాటారు. చుట్టూ ఉన్న రాంచ్ యజమాని ఒప్పుకోలేదు. క్రిమినల్ కేసు అయింది, 2022లో జ్యూరీ నిర్దోషులంది. యజమాని సివిల్ కేసు వేసి, తన ఆస్తి విలువకి 70 లక్షల డాలర్లకి పైగా నష్టమన్నాడు. మ్యాప్ యాప్‌లో ప్రైవేట్ భూమి లోపల పెట్టి ఉన్న ఒక వేపాయింట్ కూడా ఆ కేసులో సాక్ష్యంగా వచ్చింది. పిన్ పెట్టినంత మాత్రాన మనిషి అక్కడ అడుగు పెట్టినట్టేనా అనే ప్రశ్న. 2023లో ఫెడరల్ జడ్జి వేటగాళ్ళ వైపు తీర్పిచ్చారు. 2025 మార్చిలో టెన్త్ సర్క్యూట్ కోర్టు దాన్ని సమర్థించింది. 1885 నాటి కంచెల చట్టం ప్రకారం ప్రభుత్వ భూమికి దారి మూసేసే హక్కు యజమానికి లేదంది. ఆ ఏడాది అక్టోబర్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు.

మన డెన్వర్ వ్యూయర్‌కి ఇది ఎందుకంటే, కొలరాడో కూడా ఆ టెన్త్ సర్క్యూట్ కిందకే వస్తుంది. తీర్పు అనుకూలంగా ఉంది కదా అని స్క్రీన్ మీద గీతని నమ్మి దాటేయకండి. ఆ గీత మందం కన్నా మీ జీపీఎస్ తప్పు పెద్దది. ఆకాశం బాగా కనబడే చోట కూడా మామూలు యూనిట్ మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. మూల అంటే ఒక చుక్క. యూనిట్ మిమ్మల్ని ఆ దగ్గరికి తీసుకెళ్తుంది, అక్కడ సర్వేయర్లు పాతిన గుర్తుని కళ్ళతో వెతుక్కోవాలి. అది కనబడకపోతే వెనక్కి రావడమే మంచిది.

మూడోది బ్యాటరీ. 2000లో గార్మిన్ ఈట్రెక్స్ వచ్చింది. పసుపు రంగు, అరచేతిలో పట్టేంత, రెండు ఏఏ సెల్స్ మీద ఇరవై గంటల చొప్పున నడిచేది. ఆ వరస ఇప్పటికీ అమ్ముడవుతోంది. 2008లో ఐఫోన్ 3జీలో జీపీఎస్ వచ్చాక హ్యాండ్‌హెల్డ్‌ల పని అయిపోయిందనుకున్నారు. అవ్వలేదు. సిగ్నల్ లేకపోతే ఫోన్‌లో జీపీఎస్ రాదని కొందరు అనుకుంటారు, అది నిజం కాదు. జీపీఎస్‌కి టవర్‌తో పని లేదు. టవర్ చేసే సాయం వేరే: ఏ శాటిలైట్ ఎక్కడుందో నెట్ ద్వారా ముందే చెప్పి, లెక్క త్వరగా తేలేలా చేస్తుంది. ఆ సాయం లేకుండా మొత్తం శాటిలైట్ల జాబితా ఆకాశం నుంచే దించుకోవాలంటే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ముందే డౌన్‌లోడ్ చేయని మ్యాప్ అయితే ఖాళీ తెర మీద నీలం చుక్క మాత్రం కనబడుతుంది.

చలిలో ఫోన్ బ్యాటరీ ఎలా పడిపోతుందో డెన్వర్‌లో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. గ్లవ్స్ వేసుకుని టచ్‌స్క్రీన్ వాడటం కూడా కష్టమే. బటన్లు ఉన్న యూనిట్, జేబులో స్పేర్ లిథియం ఏఏ సెల్స్ ఉంటే, ఛార్జర్ దొరుకుతుందా అన్న బెంగ లేదు. ఖరీదైన యూనిట్లలో లోపలే పెద్ద బ్యాటరీ పెట్టి వందకి పైగా గంటలు వస్తుందంటున్నారు. అది మంచిదే, కానీ అయిపోతే అడవిలో మార్చుకోలేరు. మూడు రోజుల వేటకి ఏది నయమో మీరు లెక్క వేసుకోండి.

నాలుగోది, అవతల వినే మనిషి. చాలామంది గమనించని విషయం ఇదే. జీపీఎస్ మీకు మాత్రమే చెబుతుంది, మీ గురించి ఎవరికీ చెప్పదు. కాలు విరిగి పడిపోతే మీరు ఎక్కడున్నారో మీటర్లతో సహా మీకు తెలుస్తుంది, మీ ఇంట్లోవాళ్ళకి తెలియదు. దీనికోసం వేరే చరిత్ర నడిచింది. 1982 నుంచి కోస్పాస్ సార్సాట్ శాటిలైట్లు ఓడల, విమానాల ఆపద సిగ్నల్స్ వింటున్నాయి. 2003లో అమెరికా అంతటా మామూలు మనుషులు కూడా అలాంటి బీకన్ మోసుకెళ్ళడానికి అనుమతి వచ్చింది. 2011లో డెలోర్మ్ కంపెనీ ఇన్‌రీచ్ తెచ్చింది, అందులో మెసేజ్ పంపచ్చు, జవాబు కూడా అందుకోవచ్చు. 2016లో గార్మిన్ ఆ కంపెనీని కొనేసింది. 600 డాలర్ల యూనిట్‌లో మీరు కొనేది ముఖ్యంగా దీన్నే, పైగా నెలనెలా సబ్‌స్క్రిప్షన్ కట్టాలి. 2022 నుంచి కొత్త ఐఫోన్లలో కూడా శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంది.

సరే, నా జవాబు. టవర్ దగ్గర్లో ఉండే ఒక్కరోజు ట్రెక్‌కి ఫోన్, ముందే దించుకున్న మ్యాప్, ఒక పవర్ బ్యాంక్ చాలు. వేటకైతే అన్నీ ఒకే డబ్బాలో ఉన్న 600 డాలర్లది కొనద్దు అంటాను. మా భాషలో దాన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. వాగులో పడితే దారీ పోతుంది, కేకా పోతుంది. దాని బదులు ఏఏ సెల్స్‌తో నడిచే చవక బటన్ల యూనిట్ ఒకటి, విడిగా చిన్న శాటిలైట్ మెసెంజర్ ఒకటి, భూమి సరిహద్దుల కోసం ఫోన్‌లో యాప్. వీటితో పాటు కాగితం మ్యాప్, దిక్సూచి. ఇవి రెండూ ఎవరి స్విచ్ మీదా ఆధారపడవు. బయల్దేరే ముందు ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో రాసి పెట్టండి. ఇదే అన్నిటికన్నా చవక.

చివరిగా అమెరికాలో ఉన్న మనవాళ్ళందరికీ ఒక హెచ్చరిక. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ కానీ, ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజర్ కానీ దగ్గర ఉంచుకోవడం నేరం. ఎయిర్‌పోర్టుల్లో వీటితో దొరికి కేసుల్లో ఇరుక్కున్న విదేశీ యాత్రికులు ఉన్నారు. వాళ్ళు చేసిందల్లా ట్రెక్కింగ్ బ్యాగ్‌లో దాన్ని మర్చిపోకుండా పెట్టుకోవడమే. కొలరాడోలో మీ ప్రాణం కాపాడే వస్తువు శంషాబాద్‌లో మిమ్మల్ని పోలీస్ స్టేషన్‌కి పంపించగలదు. సంక్రాంతికి ఇంటికొచ్చేటప్పుడు బ్యాగ్ అడుగు దాకా ఒకసారి చూసుకుని, దాన్ని అక్కడే వదిలి రండి.

మీ దగ్గర పాత హ్యాండ్‌హెల్డ్ ఏదైనా ఉంటే, దాంతో ఎక్కడ తిరిగారో కామెంట్స్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో లాంబ్టన్ గొలుసు గురించి వివరంగా మాట్లాడుకుందాం.